సెనక్కాయ చేను గట్టున తోడేలు

కళ్యాణదుర్గం వైపు మా ఊళ్లో కోతలయ్యాక ఎరువు కోసం చేలల్లో గొర్రెల మందలు ఆపుతారు. మంద వెనకే తోడేలూ వస్తుంది. మొన్న పొద్దున్నే గట్టు మీద ఒకటి నిలబడి ఉంది. పొడుగు కాళ్లు, కిందికి వాలిన తోక. ఊరకుక్కకైతే తోక పైకి చుట్టుకుని ఉంటుంది. మమ్మల్ని ఓ చూపు చూసి, ఏమాత్రం తొందర లేకుండా గుట్ట వైపు వెళ్లిపోయింది.

2024లో ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్‌లో పిల్లల మీద తోడేళ్ల దాడుల వార్తలు చూసినప్పటి నుంచి అమ్మకు ఒకటే టెన్షన్. మా దగ్గర మాత్రం తోడేలు కన్ను గొర్రెపిల్లల మీదే. రాత్రంతా మేలుకునేది కాపరి, నష్టమూ ఆయనదే. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తోడేలు మొదటి షెడ్యూల్ జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్నది, చంపితే జైలు.

"పులికి అడవుంది, దీనికేముందప్పా, మా బీళ్లే కదా" అన్నాడు కాపరి మామ. ఆ బీళ్లలోనే ఇప్పుడు గాలిమరలు, సోలార్ పలకలు లేస్తున్నాయి.