అరిగిందా, అచ్చే సరిగా పడలేదా?

కొన్నేళ్ళ కిందట విజయవాడ వన్‌టౌన్‌లో పాత నాణేలు అమ్మే ఒకాయన నా చేతిలో 1862 నాటి విక్టోరియా వెండి రూపాయి పెట్టారు. రాణి కిరీటం మీది చెక్కడాలు, చెవి పైనున్న జుట్టుపాయలు మసకగా ఉండటం చూసి, "బాగా తిరిగి అరిగిన సరుకండీ ఇది" అని వెనక్కి ఇచ్చేశాను. "అరగలేదు మాస్టారూ, అచ్చే పలచగా పడింది, వెలుతురులో పెట్టి చూడండి" అన్నారాయన. బేరం జారిపోకుండా చెప్పే మాట అనుకుని నవ్వి వచ్చేశాను. ఆయన చెప్పినదాంట్లో నిజముందని గ్రహించడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

రెండు ఉక్కు డైల (బొమ్మ తిరగేసి చెక్కిన అచ్చుదిమ్మల) నడుమ లోహపు బిళ్ళను పెట్టి నొక్కితే నాణెం తయారవుతుంది. నాణెం మీద ఎత్తుగా కనిపించే భాగం డైలో లోతైన గుంట. ఒత్తిడికి కదిలిన లోహం ఆ గుంట అడుగుకు అన్నిటికంటే చివర చేరుతుంది. ఒత్తిడి చాలకపోయినా, సరిగ్గా అదే చోట అవతలి వైపు బొమ్మ కూడా ఎత్తుగా ఉండి లోహాన్ని తనవైపు లాక్కున్నా, ఆ గుంట పూర్తిగా నిండదు. జుట్టు, చెంప, సింహం ముక్కు వంటి చోట్లు మసకబారేది ఇందువల్లనే. చిక్కేమిటంటే, చేతులు మారి అరిగేటప్పుడు ముందుగా అరిగేవీ ఆ చోట్లే.

అందుకే ఇప్పుడు నేను బొమ్మను చూసే ముందు మెరుపును చూస్తాను. కిటికీ దగ్గర కూర్చుని నాణేన్ని మెల్లగా అటూ ఇటూ వంచితే, అరిగిన నాణెంలో ఎత్తైన చోటు నున్నగా, చుట్టుపక్కల కంటే వేరే రంగులో కనిపిస్తుంది. మెరుపు అక్కడికి వచ్చి తెగిపోతుంది. అచ్చు పలచగా పడినదానిలో ఆ మెరుపు మసక భాగం మీదుగా కూడా సాగిపోతుంది; భూతద్దం పెడితే, నొక్కకముందు బిళ్ళ మీద ఉన్న సన్నని గీతలు కూడా అక్కడ చెరగకుండా ఉంటాయి. చింతపండు, బూడిద పెట్టి తోమిన నాణెంలో ఈ తేడా ఎవరూ పట్టలేరు. మా ఇంట్లోని కొన్నిటికి చిన్నప్పుడు నేనే ఆ గతి పట్టించాను.

పైగా ఆ రూపాయి మీది 1862ను నేను ఒకే సంవత్సరంగా చదివాను. 1874 దాకా రూపాయిల మీద ఆ సంవత్సరాన్నే ఉంచి ముద్రించారు. చుక్కల లెక్కను బట్టి, రాణి రవికె మీది పూల అల్లికను బట్టి వాటిని రకాలుగా విడదీస్తారు. అన్నేళ్ళ పాటు ఎన్నో డైలతో కొట్టిన సరుకును ఒకే కొలతతో కొలవడం నా తెలివితక్కువతనం. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది ఐదో జార్జి రూపాయి. 1911లో రాజు అంగీ మీది ఏనుగు తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపిస్తోందని అభ్యంతరాలు రావడంతో, 1912లో తొండం, చెవులు స్పష్టంగా తెలిసేలా మార్చారు. గోరంత బొమ్మ కోసం డైలన్నీ మార్చవలసి వచ్చింది.

మన కాలపు నాణేలకు వస్తే, 1992లో రూపాయి స్టెయిన్‌లెస్ స్టీలుకు మారింది: 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములు. స్టీలు గట్టి లోహం కాబట్టి గుంటల్లోకి అంత సులువుగా పారదు, డైలను కూడా త్వరగా అరగదీస్తుంది. అందుకే బొమ్మను లోతు తగ్గించి చెక్కుతారు. కృష్ణలోకి భక్తులు విసిరిన నాణేలను తాడుకు అయస్కాంతం కట్టి పైకి లాగే పిల్లల దగ్గర ఒకసారి పిడికెడు చిల్లర కొన్నాను. అయస్కాంతానికి అంటేవి స్టీలువీ, అసలు నికెల్‌వీ మాత్రమే కనుక, 2005కు ముందరి పదకొండు మూలల రెండు రూపాయల బిళ్ళ అందులో ఒక్కటీ లేదు. రాగి కలిసిన ఆ నాణేలన్నీ ఇంకా ఇసుకలోనే ఉండాలి.

నా దగ్గరున్న స్టీలు రూపాయిలను టంకశాలల వారీగా పేర్చి చూశాను. సంవత్సరం కింద చుక్క ఉంటే నోయిడా, వజ్రం ఉంటే ముంబయి, నక్షత్రం ఉంటే హైదరాబాదు, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది నక్షత్రపు బిళ్ళలు రెండింటిలో, ఒకదానిలో నడిమి సింహం జూలు పాయలు పాయలుగా లెక్కపెట్టేలా ఉంది, రెండోదానిలో ముఖమంతా కరిగిన మైనంలా ఉంది. కనుక ఫలానా టంకశాలది మంచిది, ఫలానా ఏడాదిది చెడ్డది అని తేల్చేసేవారి మాట నేను నమ్మను. కొత్త డై కింద పడిందా, అరిగిన డై కింద పడిందా అన్నదే ఎక్కువ తేడా తెస్తుంది. 2007 నాటి, నాట్యంలోని హస్తముద్రలు బొమ్మగా ఉన్న నాణేలను మాత్రం ఏ డై కూడా కాపాడలేదనిపిస్తుంది. వాటి బొమ్మలో చూడటానికి పెద్దగా ఏమీ లేదు.

గత నెలలో వన్‌టౌన్ వెళ్ళి ఆ విక్టోరియా రూపాయి గురించి అడిగాను. ఆయన సొరుగు తీయనైనా లేదు. "అది గుంటూరాయన ఎప్పుడో పట్టుకెళ్ళిపోయారు మాస్టారూ, చూడగానే అచ్చు పలచనని ఆయనే అన్నారు" అని చెప్పారు.