మిషన్ సెలవులో మద్రాసు నుంచి కొండకి

దక్షిణ సూడాన్‌లో యూఎన్ డ్యూటీలో ఉన్న జవానుకి సెలవు మంజూరైందని తెలియగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే, తిరుమల కొండకి ఎప్పుడని. 300 రూపాయల దర్శనం టికెట్లేమో దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో అయిపోతాయి. మన సెలవు తేదీ మాత్రం క్యాంపు గేటు దాటేదాకా ఖాయం కాదు. అందుకే నేను తేదీ వేసిన టికెట్ జోలికి పోను, తోటివాళ్లకీ వద్దనే చెబుతాను. తిరుపతిలో ఏ రోజుకారోజు ఇచ్చే సర్వదర్శనం టోకెన్లే మనబోటివాళ్లకి నయం.

సెలవు తేదీ వెనక్కి జరిగిపోవడానికి ముఖ్య కారణం వాన. మలకాల్, బోర్ వైపు నల్లమట్టి తడిసిందంటే లారీ కదలదు, చిన్న క్యాంపుల దగ్గర మట్టి రన్‌వే మీద విమానం దిగదు. ఎంఓపీ ఫారం (యూఎన్ విమానంలో ప్రయాణానికి పెట్టే అర్జీ) ముందే ఇచ్చి, మ్యానిఫెస్ట్‌లో, అంటే ప్రయాణికుల జాబితాలో, పేరు పడ్డాక కూడా ఫ్లైటు రద్దవుతుంది. రాజధాని జూబా చేరే రోజుకీ అక్కణ్ణించి ఇంటికి టికెట్‌కీ మధ్య కనీసం రెండు రోజులు వదలాలి.

సర్దుకునేటప్పుడు ప్రతి జేబూ, ప్రతి పౌచూ తిరగేసి దులపండి. అడుగున మర్చిపోయిన ఒక్క తూటా స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసే. గుర్తుగా దాచుకున్న ఖాళీ ఖోకా (పేలిన తూటా డొల్ల) కూడా వద్దు. తురాయా, ఇరిడియం లాంటి శాటిలైట్ ఫోన్లు అనుమతి లేకుండా మన దేశంలోకి తేకూడదు. ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు చేతిసంచీలోనే ఉండాలి. అడిస్ అబాబా మీదుగా వస్తే దక్షిణ సూడాన్, ఇథియోపియా రెండూ ఎల్లో ఫీవర్ ముప్పున్నవని మన ప్రభుత్వ జాబితాలో ఉన్న దేశాలే. కార్డు లేకపోతే చెన్నై విమానాశ్రయం నుంచి ఇంటికి కాదు, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌కి. టీకా వేసిన పదో రోజు నుంచే ఆ కార్డు చెల్లుతుంది. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు, 2016 నుంచి అదే నియమం.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది మలేరియా మాత్రల గురించి. ఇంటికొచ్చాం కదా అని డాక్సీసైక్లిన్ ఆపేస్తారు. అక్కడి నుంచి బయల్దేరాక నాలుగు వారాలు వేసుకోవాల్సిందే. మొక్కు పేరుతో ఉపవాసం ఉండి పరగడుపున మింగితే కడుపులో మంట, వాంతి. ఏదైనా తిని, గ్లాసుడు నీళ్లతో వేసుకుని, అరగంట నడుం వాల్చకూడదు. ఆ మాత్ర వాడేటప్పుడు ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది, కాబట్టి మిట్టమధ్యాహ్నం మెట్లు ఎక్కొద్దు. సెలవులో జ్వరమొస్తే డాక్టర్‌కి మొదటి మాటగా ఆఫ్రికా నుంచి వచ్చానని చెప్పండి. చెప్పకపోతే చెన్నైలో ముందు డెంగీ, టైఫాయిడ్ అనుకుంటారు. మలేరియాలో ఫాల్సిపేరం రకం ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. మొదటి పరీక్షలో మలేరియా లేదని వచ్చినా మళ్లీ చేయించాలి.

చెన్నైలో దిగిన మర్నాడే కొండకి బయల్దేరొద్దు. మూడున్నర గంటల కాలం తేడా పెద్దది కాదు గానీ, వరుస ప్రయాణాల నిద్రలేమి మెట్ల మీద బయటపడుతుంది. పెరటాసి (సెప్టెంబరు-అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాలు అసలే వద్దు, తమిళనాడు అంతా కొండమీదే ఉంటుంది. తిరుపతి బస్సులు మాధవరం స్టాండు నుంచి వెళ్తాయి. తిరుత్తణి, నగరి, పుత్తూరు దారిలో నూట ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. ఇంట్లో పెద్దవాళ్లుంటే రైలే సుఖం.

తిరుపతిలో దిగగానే అసలు ఆధార్ కార్డులతో టోకెన్ల లైనుకి వెళ్లాలి. రైల్వేస్టేషన్ దగ్గర విష్ణునివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్స్‌లో ఇస్తారు. ఆ రోజు కోటా అయిపోతే టోకెన్ లేకుండా కొండమీద క్యూ కాంప్లెక్స్‌లో కూర్చోవాలి, చాలా గంటలు పడుతుంది.

అలిపిరి నుంచి 3,550 మెట్లు. సామాను కింద అప్పగించి రసీదు తీసుకుంటే పైకి ఉచితంగా చేరుస్తారు. డ్యూటీఫ్రీ సీసాలు, సిగరెట్లు చెన్నైలోనే వదిలి రండి, అలిపిరి తనిఖీ దాటవు. పొద్దున నాలుగింటికే మొదలుపెట్టడం మేలు. గాలిగోపురం దాకా నిటారుగా ఉంటుంది, తర్వాత చాలాదూరం చదును, చివర్లో మోకాళ్ల పర్వతం. నెలల తరబడి బూట్లలో ఉన్న అరికాళ్లు మెత్తబడి ఉంటాయి, ఉత్తకాళ్లతో నడిస్తే బొబ్బలెక్కుతాయి. ముందు నాలుగు రోజులు ఇంటి డాబా మీద చెప్పులు లేకుండా తిరగండి. పన్నెండేళ్లలోపు పిల్లలుంటే మధ్యాహ్నం రెండు లోపే నడక మొదలుపెట్టాలి. చిరుతల భయంతో పెట్టిన నియమం అది.

మొక్కు తలనీలాలకి కల్యాణకట్టలో రూపాయి ఇవ్వక్కర్లేదు. పుట్టువెంట్రుకలు తీయించే బిడ్డకి ఇంటినుంచి మెత్తటి తువ్వాలు తీసుకెళ్లండి.

తిరిగి క్యాంపుకి ప్రసాదం తీసుకెళ్లాలని అందరికీ ఉంటుంది. దర్శనం చేసుకున్నవాళ్లకి తలా ఒక చిన్న లడ్డు ఉచితం, అదనంగా కావాలంటే ఒక్కోటి 50 రూపాయలు. ప్లాస్టిక్ కవర్లో బిగిస్తే నెయ్యి చెమర్చి బూజు పడుతుంది. కాగితంలో చుట్టి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు తెచ్చిన లడ్లనే పట్టుకెళ్లండి.