ఊరు అక్కడే ఉంది, జిల్లానే ఆగట్లేదు

కొత్త జిల్లాలు అనగానే అందరూ తెలంగాణ గురించో, 2022లో 13 కాస్తా 26 అయిన ఆంధ్ర గురించో మాట్లాడతారు గానీ ఈ బాధేంటో తెలియాలంటే ఆంధ్ర సరిహద్దునున్న తమిళనాడు ఊరు తిరుత్తణి వాళ్ళని అడగాలి. మా అమ్మ పుట్టిల్లు అటువైపే, చెన్నైలో మేముండే అంబత్తూరు నుంచి లోకల్ ట్రైన్ ఎక్కితే చాలు.

1911 దాకా అది ఉత్తర ఆర్కాటు జిల్లా, ఆ ఏడాది చిత్తూరు జిల్లా పెట్టి అందులో కలిపారు, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు చిత్తూరుతో పాటే అదీ వెళ్ళింది, 56లో ఆంధ్రప్రదేశ్ అయింది, ఇంతలో తిరుత్తణి మాకే కావాలని ఇక్కడ తమిళ నాయకుడు మ.పొ.శివజ్ఞానం (మ.పొ.శి.) వాళ్ళ ఉద్యమం, రెండు రాష్ట్రాల సరిహద్దు తగాదాకి పటాస్కర్ మధ్యవర్తిత్వం, చివరికి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికొచ్చి చెంగల్పట్టు జిల్లాలో పడింది. బదులుగా సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకెళ్ళాయి. 1997లో మళ్ళీ తిరువళ్ళూరు జిల్లా అన్నారు.

ఇదంతా చరిత్రే కదా అనుకోవచ్చు, పొలం కాగితాలు తీసేదాకా. అదే పొలం, అవే హద్దులు, పాత దస్తావేజు తెలుగులో, తర్వాతవన్నీ తమిళంలో. మా మామయ్య కొడుక్కి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు, అందుకని పాత కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి "బావా, ఇందులో ఏముందో చదివి వాయిస్ పెట్టు" అంటాడు. సత్యవేడు వైపు తమిళం వాళ్ళకి సరిగ్గా దీనికి రివర్స్. పైగా 1985లో ఎన్టీఆర్ తాలూకాలు తీసేసి మండలాలు పెట్టారు, అప్పటికే తిరుత్తణి ఇటొచ్చేసింది కాబట్టి వీళ్ళు ఇప్పటికీ తాలూకా, ఫిర్కా (తాలూకాలో కొన్ని ఊళ్ళు కలిసిన భాగం) అంటారు, ఆ పక్కూళ్ళో చుట్టాలేమో మండలం అంటారు, పెళ్ళిలో కూర్చుంటే ఒకళ్ళది ఒకళ్ళకి అర్థం కాదు.

మాదీ తక్కువేం కాదులెండి. అంబత్తూరుని 2011లో చెన్నై కార్పొరేషన్లో కలిపారు, కానీ జిల్లా మాత్రం తిరువళ్ళూరే, 2018లో గానీ చెన్నై జిల్లాలోకి రాలేదు. ఇల్లు మారకుండానే జిల్లా మారిపోయాం! ఆఫీసులు దగ్గరైతే మంచిదే, నేను కాదనను, కానీ పాత రికార్డు ఏ ఆఫీసులో ఉందో చెప్పేవాడే దొరకడు.

సత్యవేడు ఇప్పుడు తిరుపతి జిల్లా. అక్కడి మా పిన్ని ఆధార్‌లో ఇంకా చిత్తూరనే ఉంది, మార్పించుకోరాదా అంటే "ఉండబ్బా, ఇంకోసారి మారుస్తారేమో చూసి రెండూ కలిపి చేయిద్దాం" అంటోంది.