మధ్యాహ్నం మూడింటికే పడిపోయే గూడ్స్ బండి

మిద్దె గదిలో బల్ల మీద, అసలు రైలుకి 87వ వంతు (1:87) కొలతలో కట్టుకున్న నా మోడల్ రైల్వేలో పది రోజులుగా ఒకే చోట గూడ్స్ పట్టాలు తప్పుతోంది. అదీ మధ్యాహ్నం పూటే. పొద్దున ఆరున్నరకి ముప్పై రౌండ్లు తిప్పినా ఒక్క చక్రం పక్కకి జరగదు. అదే రేక్‌ని, అంటే ఆ వ్యాగన్ల వరసని, మూడింటికి తిప్పితే పది రౌండ్లలో ఏడుసార్లు బొగ్గు నేల మీద. మొన్న శనివారం విసుగొచ్చి కంట్రోలర్ తీగ పీకేసి కిందికి వెళ్ళిపోయాను. రెండు రోజులు మిద్దె గది తలుపే తియ్యలేదు.

బాగా జరిగినవి ముందు చెప్పేస్తాను. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్‌కి కొత్త రకం ఎల్‌హెచ్‌బీ పెట్టెలు ఏడూ అయిపోయాయి, బాగా నడుస్తున్నాయి. కరెంటు స్తంభాలు గూడూరు యార్డు వరకు నిలబెట్టాను. తీగ ఇంకా లాగలేదు.

ఇక ఈ గూడ్స్ సంగతి. నిజం రేక్‌లో 58, 59 వ్యాగన్లు ఉంటాయి. బాక్స్‌ఎన్ అనే ఈ బొగ్గు వ్యాగన్ ఒక్కొక్కటి 10.713 మీటర్లు, అంటే 1:87లో 123 మి.మీ. 59 కట్టానంటే ఏడుంబావు మీటర్లు అవుతుంది. నా గది పొడవే ఐదున్నర. అందుకని 18తో సరిపెట్టుకున్నాను. కృష్ణపట్నం రేవులో బొగ్గు ఎత్తుకుని వెంకటాచలం దగ్గర మెయిన్ లైను ఎక్కే బండి ఇది. ఓబులవారిపల్లె వైపు 2019లో తెరిచిన కొత్త లైను కూడా వేద్దామనుకున్నాను. వెలిగొండల్లో ఆరున్నర కిలోమీటర్లు దాటిన సొరంగం ఉంది కదా దాని మీద. నా దగ్గర ఆ సొరంగం ప్రస్తుతానికి అమ్మ బీరువా వెనక సందు. బళ్ళు అక్కడ దాక్కుంటాయి.

వ్యాగన్లు ఇంట్లోనే త్రీడీ ప్రింటర్‌లో తీసినవి. రంగు మామూలు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, దాని మీద కావి పొడి రుద్దాను. బొగ్గు మాత్రం అసలుదే. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన దగ్గర గుప్పెడు అడిగి తెచ్చి, రోట్లో దంచి, టీ వడగట్టే జల్లెడలో జల్లించాను. కొనే బొగ్గు పొడి కంటే ఇదే మెరుగు. కొన్నదానికి ఒకటే మెరుపు ఉంటుంది, రేవు బొగ్గు అలా ఉండదు.

గది తలుపు అడ్డం వస్తుందని అక్కడ 900 మి.మీ. వంతెన ఒకటి ఎత్తి పెట్టేలా చేశాను. నాయుడుపేట దగ్గర స్వర్ణముఖి వంతెనని మనసులో పెట్టుకుని చేసిన గర్డర్ బ్రిడ్జి. మా ఊరి పక్క నుంచి పోయే ఏరే అక్కడ సముద్రం దగ్గర పడేసరికి అంత వెడల్పవుతుంది. కింద ఇసుక, మధ్యలో సన్నటి నీటి పాయ. ఈ వంతెనకి గూడూరు వైపు చివర, బల్ల మొదలయ్యే చోట, సముద్రం వైపు (బల్ల మీద సముద్రం రాబోయే పక్క) పట్టా మీదే బండి పడిపోతోంది. రెండో వైపు పట్టా మీద ఒక్కసారి కూడా పడలేదు. ఇది మొదట్లోనే పట్టించుకుని ఉంటే వారం మిగిలేది.

మొదటి అనుమానం పదకొండో వ్యాగన్ మీద. మొదటి రోజు నాలుగుసార్లలో మూడుసార్లు అదే పడింది. తీసి చక్రాల మధ్య దూరం కొలిస్తే ఒక జత 14.1 మి.మీ. ఉంది, ఉండాల్సింది 14.4. సరిచేశాను. మర్నాడు మధ్యాహ్నం పదకొండోది బుద్ధిగా దాటింది, నాలుగోది పడింది, తర్వాత పదహారోది.

రెండో అనుమానం బరువు. అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ లెక్కలో ఈ పొడవుకి 97 గ్రాములు ఉండాలి. నావి 62 తూగాయి. బొగ్గు కింద ఇనప నట్లు అతికించి అన్నింటినీ 95కి తెచ్చాను. 18 వ్యాగన్లు, ఒక సాయంత్రం మొత్తం, వేళ్ళకంతా ఫెవిక్విక్. మర్నాడు మూడింటికి ఏడు పడాల్సిన చోట ఆరు పడ్డాయి. బరువైన వ్యాగన్ పడితే చప్పుడు బాగా వస్తుంది, అదొక్కటే లాభం.

మూడోది ఎండ. ఇది మాత్రం ఖాయం అనుకున్నాను. మాది పైకప్పుకి రేకులేసిన గది. పొద్దున 30 డిగ్రీలు, మూడింటికి 41. గోడ దగ్గర మేకు కొట్టిన చోటు నుంచి వంతెన కలిసే అతుకు దాకా పట్టా 5.4 మీటర్లు. ఈ పట్టాల లోహం నికెల్ సిల్వర్. దానికి 11 డిగ్రీల తేడాకి ఒక మిల్లీమీటరు దాకా సాగాలి. నేను వదిలిన సందు 0.5. సందు మూసుకుపోయి పట్టా పైకి లేస్తోందని తేల్చేసుకుని, కటింగ్ డిస్క్‌తో సందుని 1.5కి కోశాను. ఆ మధ్యాహ్నం సందు కొలిస్తే 0.7 మిగిలే ఉంది. అంటే పట్టా ఎక్కడా తన్నుకోవట్లేదు. బండి మాత్రం పడింది. ఎనిమిదిసార్లు! అనవసరంగా సందు పెద్దది చేసుకున్నందుకు ఇప్పుడు ప్రతి చక్రం అక్కడ టక్ టక్ మంటోంది. వినడానికి నిజం బండిలానే ఉందని మా మేనల్లుడు మెచ్చుకున్నాడు, అది వేరే సంగతి.

ఆ రోజు బుద్ధొచ్చి, బైకులకి ట్యాపెట్లు సెట్ చేసే, సన్నటి రేకులతో సందు కొలిచే ఫీలర్ గేజ్ తెచ్చుకున్నాను. 300 మి.మీ. స్టీలు స్కేలు అతుకు మీద నిలబెట్టి కింద ఎంత సందుందో చూశాను. పొద్దున ఆరున్నరకి సముద్రం వైపు పట్టా వంతెన కంటే 0.25 ఎత్తు, రెండో వైపుది 0.10. మధ్యాహ్నం మూడింటికి సముద్రం వైపు 0.55, రెండో వైపు 0.15. అంటే బండి వంతెన దిగగానే ఒక్క వైపే అర మిల్లీమీటరు మెట్టు ఎక్కాలి. ఎన్‌ఎంఆర్‌ఏ కొలత ఆర్‌పీ 25 చక్రానికి ఫ్లేంజ్ (చక్రం పట్టా దాటకుండా ఆపే అంచు) లోతే 0.64. పైగా నా బాక్స్‌ఎన్‌కి కాస్నబ్ రకం బోగీలు (వ్యాగన్ కింద నాలుగేసి చక్రాలుండే చట్రాలు) గట్టిగా ఒకే ముక్కగా ప్రింట్ చేసినవి, ఇరుసుల మధ్య 23 మి.మీ. మాత్రమే. ఒక చక్రం మెట్టెక్కితే దాని పక్క మూలల్లో ఒక చక్రం గాలిలోకి లేస్తుంది. ఎల్‌హెచ్‌బీ పెట్టెలు ఎందుకు పడట్లేదో కూడా అప్పుడే అర్థమైంది. వాటి ఫియట్ రకం బోగీలో ఇరుసుల మధ్య 29 మి.మీ. పైనే ఉంది, కొన్న బోగీలు కాబట్టి పక్కలు కాస్త ఊగుతాయి కూడా.

సరే, మెట్టు ఎందుకు వస్తోంది? వంతెన నీటికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్, కదల్లేదు. కాళ్ళ కింద లెవెల్ చూశాను, కదల్లేదు. బల్ల పైభాగం 18 మి.మీ. ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని అదిమి చేసే పలక. దాని మందం అంచు దగ్గర కొలిస్తే సముద్రం వైపు మూల 18.6, రెండో మూల 18.2. చెక్క ఉబ్బుతోంది. ఎండకి ఉబ్బదు కదా, ఎండితే కుంచించుకుపోవాలి. ఇక్కడ రెండు రోజులు బుర్ర పనిచెయ్యలేదు. రాత్రి తేమ అనుకుంటే పొద్దున ఎక్కువ ఉండాలి, నాకేమో పొద్దున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ.

తేల్చింది మా అమ్మ. మిద్దె మీద ఎండబెట్టిన గుమ్మడి ఒడియాలని డబ్బాకెత్తి, చల్లగా ఉంటుందని నా గదిలో పెట్టుకుంది. బుధవారం సాయంత్రం మూత తీసి చూసి కేకలేసింది.

"ఒరే, నీ కూలర్ పక్కన పెట్టినావా ఈ డబ్బా? కరకరలాడతా ఉన్న ఒడియాలు అన్నీ మెత్తబడిపోయినాయి గదరా!"

"నేను పెట్టలేదు మా, నువ్వే పెట్టినావు."

"ఎవురు పెడితే ఏమి, ఆ తుంపర చూడు ఎట్లా కొడతా ఉందో."

తుంపర. కూలర్ తలుపు పక్కన, సముద్రం వైపు. గడ్డి పరదాలు కొత్తవి వేయించాక నీటి చుక్కలు గాలితో పాటు వస్తున్నాయి. సరిగ్గా ఆ బల్ల మూల మీదికి. ఆ మూల కోసిన అంచుకి నేను రంగు కూడా వెయ్యలేదు, పచ్చి ఎండీఎఫ్. పొద్దున పూట కూలర్ వెయ్యను. మధ్యాహ్నం బళ్ళు తిప్పాలంటే కూలర్ లేకుండా ఆ గదిలో పది నిమిషాలు ఉండలేం. అందుకని నాకు ఎండ, కూలర్ రెండూ ఒకటిగా కనపడ్డాయి.

నమ్మకం కుదరక మర్నాడు పరీక్ష పెట్టాను. కూలర్ ఆపి, బనీను తడిసిపోతుండగా, 41 డిగ్రీల్లో ఇరవై రౌండ్లు. ఒక్కసారి పడింది. తర్వాత కూలర్‌ని గదికి రెండో మూలకి తోసి రెండు గంటలు వేశాను, మెట్టు మారలేదు. మళ్ళీ పాత చోటుకి తెచ్చి రెండు గంటలు వేస్తే 0.30 నుంచి 0.45. తేమ చూపించే చిన్న మీటరు ఆ మూల దగ్గర కూలర్ లేనప్పుడు 36 శాతం, వేశాక 74 శాతం చూపించింది. ఇంకో పాడు గుణం కూడా కనిపెట్టాను. ఎండీఎఫ్ ఉబ్బితే పూర్తిగా తగ్గదు. రోజూ కొంచెం మిగుల్చుకుంటుంది. నోట్‌బుక్కులో పొద్దుటి కొలతలు వరసగా చూస్తే 0.10, 0.15, 0.20, 0.25, 0.30. కళ్ళెదుటే ఉంది, వరసలో చదవలేదు అంతే.

బల్ల చేసిన కార్పెంటరు ఎండీఎఫ్ చాలన్నాడు, నేనూ డబ్బులు మిగులుతాయని తలూపాను. నా అభిప్రాయం ఇప్పుడు మారింది. కూలర్ ఉన్న గదిలో ఎండీఎఫ్ వద్దు, వేస్తే అంచులకి ముందే పూత వెయ్యాలి.

మరమ్మతు ఇలా చేశాను. బల్ల చివర 80 మి.మీ. కోసేసి మెరైన్ ప్లై ముక్క పెట్టాను, ఫెవికాల్ మెరైన్‌తో. ప్లై అంచులకీ, పక్కనున్న ఎండీఎఫ్ అంచులకీ ఆరల్‌డైట్ పల్చగా రెండుసార్లు. వంతెన చివరా, బల్ల చివరా చివరి నాలుగు స్లీపర్లు తీసేసి, రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డు ముక్కలు వేసి పట్టాల్ని వాటికే సోల్డర్ చేశాను. వంతెన కూర్చునే చోట రెండు ఎం6 బోల్టులు, పైకీ కిందికీ తిప్పి ఎత్తు సరిచేసుకోవచ్చు. పక్కలకి జరగకుండా గాంధీ రోడ్డులో కొన్న ఇత్తడి గడియలు రెండు. తలుపులకి వేసేవే. మోడల్ కంపెనీలు ఇదే పనికి అమ్మే పిన్నుల కంటే ఇవి గట్టిగా ఉన్నాయి, ధరలో పోలికే లేదు. కూలర్ కిటికీ బయటికి పోయింది.

ఇప్పుడు మెట్టు రెండు వైపులా 0.05. నిన్న మధ్యాహ్నం యాభై రౌండ్లు తిప్పాను. రెండుసార్లు పడింది. రెండుసార్లూ పదకొండో వ్యాగనే! అద్దం మీద పెట్టి చూస్తే ఒక చక్రం కింద కాగితం దూరుతోంది. బాడీ కాస్త మెలితిరిగింది, ప్రింట్ తీసినప్పుడు తొందరపడి వేడిగా పీకినట్టున్నాను. ఒక బోగీ స్క్రూ బిగించి, రెండోది అర తిప్పు వదులు చేశాను. ఇంకా తిప్పి చూడలేదు. అలాగే మిగతా పదిహేడింటికి కూడా చెయ్యాలా అని ఆలోచిస్తున్నా. బోగీలనే మళ్ళీ రెండు పక్కలు విడివిడిగా ఊగేలా గీసి ప్రింట్ చేస్తే మేలేమో. 36 బోగీలు. జూన్ అంతా దానికే పోతుంది.

కప్లింగుల (వ్యాగన్లని తగిలించే కొక్కేల) గురించి అడిగేవాళ్ళకి ఒక మాట: క్యాడీ కంపెనీ 148 తప్ప ఇంకేవీ పెట్టను. చౌక నకళ్ళు మూడు రకాలు వాడి చూశాను, వంతెన దిగేటప్పుడు ఊడిపోతాయి. పట్టా మాత్రం పెకో కంపెనీ కోడ్ 75. మన రైల్వే వాడే, మీటరుకి 60 కిలోల పట్టా ఎత్తు 172 మి.మీ., 87తో భాగిస్తే 1.98. కోడ్ 75 ఎత్తు 1.9. ఇంతకంటే దగ్గర దొరకదు. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) సంగతి ఎత్తకండి. అసలు లైను 1676 మి.మీ.ని 87తో భాగిస్తే 19 పైన రావాలి, మనం 16.5 మీద నడుపుతున్నాం, అది తలుచుకుంటే నిద్ర పట్టదు.

తర్వాత సముద్రం వైపు పని. కండలేరు పాయ ఒడ్డున బురద, దాని వెనక ఉప్పు మళ్ళు. ఉప్పు మళ్ళకి అసలు ఉప్పు వాడకూడదని ఈ కూలర్ దెబ్బతో తెలిసొచ్చింది, తేమ లాగి పట్టాలు తుప్పు పట్టిస్తుంది. పాలరాతి పొడి దొరుకుతుందేమో చూస్తాను, శ్రీకాళహస్తి రోడ్డులో రాళ్ళు కోసేచోట అడగాలి. నీళ్ళలా కనపడే రెసిన్‌ని వానలు మొదలవ్వక ముందే పొయ్యాలి. అక్టోబరు దాటితే ఇక్కడ ఏదీ ఆరదు. అంతకు ముందు ఒక ఆదివారం పొద్దున బండెక్కి గూడూరు వెళ్ళి, బొగ్గు రేక్ నిలబడి ఉంటే వ్యాగన్ తలుపుల దగ్గర తుప్పు ఎలా కారిందో ప్లాట్‌ఫాం మీద నుంచి కళ్ళారా చూసి రావాలి. పదకొండోదానికి కొత్త బాడీ ప్రింటర్‌లో పెట్టాను, రాత్రి రెండింటికి అవుతుంది.