మీటరు ఎవరి పేరున ఉంది? కోనసీమలో డాబాల మీద సోలార్ పెట్టించిన మా అనుభవం

నిన్న చివరి ఇంటికి కూడా సబ్సిడీ డబ్బు బ్యాంకులో పడింది. మా సేవా సంఘం తరఫున ఊళ్లో సోలార్ పెట్టించే పని అంతటితో ఒక కొలిక్కి వచ్చింది. ఎలా చేశారని పక్క ఊళ్ల సంఘాలవాళ్లు అడుగుతున్నారు కాబట్టి, అన్నీ గుర్తున్నప్పుడే రాసి పెడుతున్నాను. ఒక మాట ముందే చెప్పేస్తాను. అవగాహన సదస్సులు, ర్యాలీలు, ఫ్లెక్సీలు ఒక్క డాబా మీదకి కూడా ప్యానెల్ ఎక్కించలేవు. మీటరు ఎవరి పేరున ఉందో చూసి, ఆ కాగితాలు సరిచేయించే మనిషి ఊళ్లో ఒకరుంటే చాలు, మిగతా పని నడుస్తుంది.

డబ్బు లెక్క తేలికే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి కిలోవాటుకి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు కేంద్రం ఇస్తుంది. మూడు దాటి ఎన్ని కిలోవాట్లు పెట్టుకున్నా అంతకు మించి రాదు. సొమ్మంతా ముందు చేతి డబ్బుతోనో, బ్యాంకులో అప్పు తీసుకునో కట్టాలి, సబ్సిడీ ఆ తర్వాతే. కిలోవాటుకి రోజుకి సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. నెలకి రెండొందల చిల్లర కాలే ఇంటికి రెండు కిలోవాట్లు, ఏసీ తిరిగే ఇంటికి మూడు సరిపోతాయి. వంద యూనిట్లు దాటని ఇళ్లవాళ్లకి మాత్రం అప్పు చేసి పెట్టుకోవద్దని మేమే చెప్పి పంపేశాం. సేవ అంటే అమ్మకం కాదు.

ఆ పథకం పోర్టల్లో సర్వీసు నంబరు కొట్టి, ఓటీపీ చెప్పి, బిల్లు ఎక్కించడం అరగంట పని. పది కిలోవాట్ల లోపు దరఖాస్తుకి సాంకేతిక పరిశీలన అక్కర్లేదని, మంజూరైన లోడు తక్కువుంటే డిస్కమే (కరెంటు పంపిణీ సంస్థే) పెంచాలని 2024లో నిబంధన వచ్చింది. "ముందు లోడు పెంచుకుని రండి" అని ఎవరైనా వెనక్కి తిప్పితే ఆ నిబంధన చూపించండి. ఓటీపీ మాత్రం ఫోన్లో అడిగిన ఏజెంటుకి చెప్పకండి.

మన దగ్గర డాబా కంటే ముందు చూడాల్సింది కొబ్బరిచెట్టు. డిసెంబరులో ఉదయం తొమ్మిది గంటలకి సూర్యుడు ముప్ఫై డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అరవై అడుగుల చెట్టు నీడ ఆ వేళకి నేల మీద వంద అడుగులు సాగుతుంది, డాబా ఎత్తు తీసేసినా ఎనభై అడుగులు. అంటే పక్కవాళ్ల తోటలో చెట్టు కూడా మన లెక్కలోకి వస్తుంది. ప్యానెళ్లన్నీ ఒకే వరసలో కలిపి ఉంటాయి కాబట్టి, ఒకదాని మీద మట్ట నీడ పడితే ఆ ఒక్కదానితో పోదు, వరస మొత్తం దిగుబడి తగ్గుతుంది. ఎండాకాలంలో వచ్చి "నీడే లేదండి" అని కొలతలు తీసుకుపోయే వెండరు (సోలార్ అమ్మి బిగించేవాడు) మాట నమ్మకండి. తూర్పు, దక్షిణం, పడమర వైపు చెట్లు ఎంత దూరంలో ఉన్నాయో టేపు పెట్టి కొలిచి, శీతాకాలం నీడకి లెక్క కట్టించండి. నీడ తప్పనిచోట ప్యానెల్‌కి ఒక మైక్రో ఇన్వర్టరు (ఏ ప్యానెల్ కరెంటుని ఆ ప్యానెల్ దగ్గరే విడిగా మార్చే చిన్న పెట్టె) పెట్టించాలి, ఖర్చు పెరుగుతుంది. కాపు మీదున్న చెట్టుని సోలార్ కోసం కొట్టించడానికి మాత్రం మేం ఒప్పుకోలేదు. పెంకుటిళ్లు కూడా పక్కన పెట్టాం, వాసాలు ఆ బరువు మోయవు.

ఇక పేరు సంగతి. మా ఓపికంతా హరించింది ఇదే.

పోర్టల్లో దరఖాస్తుదారు పేరు కరెంటు బిల్లులో ఉన్న పేరే అవుతుంది. సబ్సిడీ పడాల్సిన బ్యాంకు ఖాతా పేరు దానికి కలవాలి. మన ఊళ్లలో సగం మీటర్లు తాతల పేరున, పోయిన నాన్నల పేరున ఉంటాయి. బిల్లు కడుతున్నంతకాలం ఎవరూ అడగరు, మనమూ మార్పించం. సోలార్ దగ్గరికి వచ్చేసరికి అదే అడ్డం పడుతుంది. లోన్ మంజూరై, వెండరు సరుకు దింపాక పేరు కలవలేదని తెలిస్తే వడ్డీ నెత్తి మీద పడుతుంది. అందుకే పేరు మారాకే దరఖాస్తు, దరఖాస్తు తర్వాతే అడ్వాన్సు. ఈ వరస తప్పవద్దు.

ఒక మామ్మగారి సంగతి చెప్పాలి. సర్వీసు వాళ్లాయన పేరున ఉంది. మరణ ధ్రువపత్రం, ఇంటిపన్ను రసీదు చేతిలో పట్టుకుని కరెంటు ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది. లోపలి గుమాస్తా తల ఎత్తకుండానే, "సర్వీసు ఎవరి పేరునుంటే వాళ్లే రావాలమ్మా, మీ ఆయన్ని తీసుకురండి" అన్నాడు. "ఆయన పోయి ఆరేళ్లయిందండి బాబూ, ఇదిగో కాగితం" అంది. "అయితే ఆరేళ్లనుంచి పోయినాయన పేరు మీద కరెంటు వాడుకుంటున్నారన్నమాట!" అని లైన్లో అందరూ వినేలా అన్నాడు. ఒక్క నెల కూడా బిల్లు తప్పని మనిషి ఆవిడ. ఆ కాగితాలు మడిచి చీర కొంగులో పెట్టుకుని బయటికి వచ్చేసింది. ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకి జీతం ఆ బిల్లుల్లోంచే వస్తోందని ఎవరు చెప్పాలి? వయసులో పెద్దావిడతో, అందులో భర్త పోయినావిడతో, ఎలా మాట్లాడాలో నేర్పడానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు.

ఆ తర్వాత ఏ ఇంటివాళ్లనీ మేం ఒంటరిగా పంపలేదు. మరణం మీద పేరు మార్పిడికి మాకు కావలసినవి ఇవి: మరణ ధ్రువపత్రం, సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చుకున్న కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం, స్టాంపు కాగితం మీద బాండు, ఇంటిపన్ను రసీదు, పాత బకాయి లేదని చూపే చివరి బిల్లు. ఒక ఆఫీసులో సరిపోయింది ఇంకో ఆఫీసులో సరిపోదు. పైగా ఉన్న జాబితా ఒక్కసారి చెప్పరు, వెళ్లినప్పుడల్లా ఒక కాగితం కలుపుతారు. దానికి మందు ఒకటే. దరఖాస్తు ఇచ్చి తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. తిరస్కరిస్తే కారణం రాతలో ఇమ్మనండి. రాతలో అడిగిన మరుక్షణం మా దగ్గర సగం అభ్యంతరాలు మాయమయ్యాయి. అప్పటికీ కదలకపోతే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. 2003 విద్యుత్ చట్టం కింద ప్రతి డిస్కంలోనూ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడ ఫిర్యాదుకి లాయరు అక్కర్లేదు.

నిరభ్యంతర పత్రం దగ్గర ఇంకో చిక్కు. కోనసీమలో ఇంటికొకరు కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు. వాట్సాప్‌లో ఫొటో పంపిన సంతకం చెల్లదు. అక్కడి మన రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపాలి, లేదా వాళ్లు సెలవు మీద వచ్చినప్పుడు చేయించాలి. కాబట్టి సంక్రాంతికి వచ్చేవాళ్ల చేత ఇక్కడ ఉన్నప్పుడే సంతకాలు పెట్టించి ఉంచండి. అన్నదమ్ముల మధ్య ఇంటి వాటా తగవు ఉంటే మాత్రం సోలార్ మాట ఎత్తకండి. మీటరు పేరు మారితే ఇల్లే పోతుందని భయపడతారు. మీటరు పేరు వేరు, ఇంటి హక్కు వేరు అని చెప్పినా కోపాల్లో ఎవరూ వినరు.

మనిషి బతికే ఉండి అక్షరాలు తేడా అయితే తేలిక. బిల్లులో పొడి అక్షరాలు, ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్కులో 'సత్యనారాయణ' ఇంగ్లీషు స్పెల్లింగు మరోలా ఉంటుంది. ఆధార్, పాస్‌బుక్కు ఒకేలా ఉన్నాయో లేదో ముందు చూసుకుని, బిల్లుని వాటికి అనుగుణంగా దిద్దించుకోవాలి. బిల్లుని చూసి ఆధార్ మార్చబోతే బ్యాంకు, రేషన్, పింఛను అన్నీ కదులుతాయి.

బిగింపు రెండు రోజుల పనే, కానీ పక్కన నిలబడి చూడండి. ఈ కోస్తా గాలి లెక్కల్లో సెకనుకి యాభై మీటర్ల మండలంలో ఉంది, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 1996 నవంబరు తుఫాను చూసిన ఊళ్లు మనవి. స్టాండు కాళ్లకి శ్లాబు మీద సిమెంటు దిమ్మ పోసి ఊరుకుంటే చాలదు, రసాయన యాంకరు బోల్టులు దింపించి, ఆ రంధ్రాల చుట్టూ నీరు దిగకుండా పూత వేయించాలి. స్టాండు హాట్ డిప్ గాల్వనైజ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించినది) అయి ఉండాలి, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి. మామూలు ఇనప బోల్టు ఉప్పుగాలికి రెండు వానాకాలాలు ఆగదు. ఎర్తింగులు మూడు, విడివిడిగా: ప్యానెళ్ల వైపు డీసీ కరెంటుకి ఒకటి, ఇంటి వైపు ఏసీ కరెంటుకి ఒకటి, పిడుగు కడ్డీకి ఒకటి. మూడూ ఒకే గోతిలో కలిపేస్తామంటే ఒప్పుకోవద్దు. సబ్సిడీ రావాలంటే లోపలి సెల్స్ కూడా దేశంలోనే తయారైన డీసీఆర్ ప్యానెళ్లు ఉండాలి. వాటి సీరియల్ నంబర్లు పోర్టల్లో ఎక్కుతాయి కాబట్టి ప్యానెల్ వెనక అంటించిన నంబరు, బిల్లులో నంబరు మీరే సరిచూసుకోండి.

పెట్టించాక అందరికీ కోపం వచ్చేది కరెంటు పోయినప్పుడు. "మిట్టమధ్యాహ్నం డాబా మీద ఎండ కాస్తుంటే ఫ్యాను ఆగిపోయిందేంటండీ?" అంటారు. ప్యానెళ్ల కరెంటుని ఇంటికి, లైన్లోకి పంపే పెట్టెని ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు అంటారు. బ్యాటరీ లేని ఈ ఇన్వర్టరు లైన్లో కరెంటు లేకపోతే తనంతట తనే ఆగిపోవాలి. లేకపోతే స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఈ మాట అడ్వాన్సు ఇవ్వకముందే చెప్పాలి, వెండర్లు చెప్పరు. ఎండ మండుతుండగా, కరెంటు ఉండగానే ఇన్వర్టరు ఆగిపోతుంటే వోల్టేజి చూడండి. ట్రాన్స్‌ఫార్మరు పరిధిలో చాలా ఇళ్లు ఒకేసారి లైన్లోకి పంపితే వోల్టేజి పెరిగి ఇన్వర్టరు ట్రిప్ అవుతుంది. ఇన్వర్టరు తెర మీద కనిపించే వోల్టేజిని టైముతో సహా ఫొటో తీసి ఫిర్యాదుకి జతచేయండి. ట్రాన్స్‌ఫార్మరు ట్యాపు మార్చి వోల్టేజి సరిచేయడం డిస్కం పని.

నెట్ మీటరు (లైన్ నుంచి తీసుకున్నది ఇంపోర్టుగా, లైన్లోకి పంపింది ఎక్స్‌పోర్టుగా కొలిచేది) బిగించి, సోలార్ నడుస్తోందని చెప్పే కమిషనింగ్ రిపోర్టు పోర్టల్లో ఎక్కాక సబ్సిడీకి బ్యాంకు వివరాలు ఇవ్వాలి. అది ఎవరూ గుర్తు చేయరు. ఇది మర్చిపోయి డబ్బు రాలేదని తిట్టుకునేవాళ్లు చాలామంది. బిల్లు సున్నా రాదు, ఫిక్స్‌డ్ చార్జీలు ఉంటాయి. ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు రెండు రీడింగులూ నెలనెలా రాసుకోండి. ప్యానెళ్లు తెల్లవారుజామునే, చల్లగా ఉన్నప్పుడే కడగాలి. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పు బోరు నీళ్లు వద్దు, ఆరాక తెల్లటి చారలు కట్టి అద్దాన్ని పట్టుకుంటాయి. కాలవ నీళ్లు వడకట్టి గానీ, వాన నీళ్లు గానీ వాడండి. వెండరు అయిదేళ్ల మెయింటెనెన్సు ఉచితంగా చెయ్యాలి, ఆ ఒప్పందం కాపీ కరెంటు బిల్లులతో కలిపి ఒకే ఫైల్లో పెట్టుకోండి.