మావాడికి రెండోసారి ఐక్యూ టెస్ట్ చేయించాం

మావాడికి ఏడేళ్లు. 31వ వారంలోనే పుట్టేశాడు. సెరిబ్రల్ పాల్సీ (సీపీ) అని, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పడమని, ఏడాదిన్నర వయసులో తేలింది. కాళ్లతో పాటు చేతులూ బిగుసుకుంటాయి. మాట ముద్దగా వస్తుంది, ఇంట్లో ఉండే మాకే సగం అర్థమవుతుంది.

బళ్లో వేద్దామని వెళ్తే "ముందు ఐక్యూ రిపోర్టు తెండి" అన్నారు. వైకల్యం పేరు చెప్పి గుర్తింపు ఉన్న బడులు పిల్లల్ని కాదనకూడదని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉందన్న సంగతి నాకప్పుడు తెలీదు. ఒక చోటికి తీసుకెళ్లాం, పేరెందుకులెండి. ఆమదాలవలసలో పొద్దున్నే బయల్దేరాం, అక్కడ మూడు గంటలు లైన్లో కూర్చున్నాం. పిలిచేసరికి ఫిట్స్ మందు మత్తు, ఆకలి కలిసి వాడు తూలిపోతున్నాడు.

చెక్క పలక ఒకటి ముందు పెట్టారు. అందులో నక్షత్రం, గుండ్రం, త్రికోణం ఆకారాల్లో గుంటలు. దిమ్మల్ని వాటిలో పెట్టాలి. పక్కనే స్టాప్‌వాచ్. మావాడు నక్షత్రం దిమ్మని చూశాడు, నక్షత్రం గుంటని చూశాడు. చెయ్యి మాత్రం ఇంకో వైపు పోయింది. దిమ్మ కింద పడింది. తీసివ్వబోతే "మీరు ముట్టుకోకూడదమ్మా" అన్నారు. తర్వాత ప్రశ్నలు నాకు. తనే తింటాడా? బొత్తాలు పెట్టుకుంటాడా? అన్నిటికీ "లేదండీ" అనడమే. అరగంట దాటిందో లేదో, 'మోడరేట్ బుద్ధిమాంద్యం' అని కాగితం చేతికిచ్చారు.

మా అత్త ఊరుకోలేదు. "సీరియల్లో దొంగెవడో ఈ గుంటడు నాకన్నా ముందే కనిపెట్టేత్తాడు. ఈడికి బుర్ర లేదంతారేటి?" అంది.

దారి చూపింది, ఇలాంటి పిల్లల కోసం సర్కారు నడిపే భవిత సెంటర్లో ఫిజియోథెరపీ చేసే ఆయన. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉండి, సీపీ పిల్లల్ని చూసి అలవాటున్న క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర మళ్లీ చేయించమన్నారు. దానికంటే ముందు కళ్లు, చెవులు చూపించమన్నారు. చూపిస్తే కళ్లద్దాలు పడ్డాయి. అంటే మొదటి టెస్ట్ సరిగ్గా కనబడకుండానే రాశాడన్నమాట!

ఈసారి విశాఖ. ముందురోజే రైలెక్కి, మా చెల్లి ఇంట్లో పడుకుని, వాడు కడుపునిండా తిన్నాక వెళ్లాం. అక్కడి సైకాలజిస్ట్ మేడమ్ వెంటనే టెస్ట్ మొదలుపెట్టలేదు. వేలాడుతున్న కాళ్ల కింద పీట వేయించారు, నడుముకి అటూ ఇటూ తువ్వాళ్లు చుట్టిపెట్టారు. ఒళ్లు నిలబెట్టుకోవడానికే ధ్యాసంతా పోతే ఆలోచనకేం మిగుల్తుంది అన్నారు. అవునంటే పైకి చూడాలి, కాదంటే తల పక్కకి తిప్పాలి అని వాడితో ఒప్పందం చేసుకున్నారు. "నీకు తోకుందా?" పకపకా నవ్వి తల తిప్పాడు. "ఈవిడ మీ అమ్మేనా?" నన్ను కాసేపు చూసి, కావాలనే మళ్లీ తల తిప్పాడు. వెధవ!

తర్వాత రేవెన్స్ కలర్డ్ మ్యాట్రిసెస్ అని 36 బొమ్మలు. ఒక్కోదాంట్లో ఓ ముక్క ఉండదు, కింద ఇచ్చిన ఆరింటిలో అదేదో పట్టుకోవాలి. ఆవిడ ఒక్కోదాని మీద వేలు పెడుతూ పోతే, సరైనదని తోచిన చోట వీడు పైకి చూడాలి. ఇంత టైమ్‌లోనే చెప్పాలని లేదు. మాటల అర్థాలకి వేరే బొమ్మలు. రెండు రోజులు, రోజుకి ముప్పావుగంట.

ఏ లోటూ లేదంటారని ఆశపడ్డాను. అలా అనలేదు. మాటలు అర్థం చేసుకోవడం దాదాపు వయసుకి తగ్గట్టే ఉందట. ఆకారాలు, ఏది ఎక్కడుందో పోల్చుకోవడం బాగా వెనకబడిందట. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి మెదడులో దెబ్బ తగిలే చోటు పక్కనుంచే చూపు దారులు వెళ్తాయట. అందుకే కన్ను చూసినా, కిక్కిరిసిన పేజీలో దేన్ని పట్టుకోవాలో వీడికి తెలియదు. లెక్కలు కష్టమవుతాయని ముందే చెప్పేశారు. ఐక్యూ ఎంతో ఒక్క నంబరు చెప్పమని అడిగితే, వీడికి ఒక్క నంబరు రాస్తే తప్పవుతుందని, ఎందుకో కూడా రిపోర్టులో రాసిచ్చారు. ఆ రాత్రి రైల్లో ఏడ్చాను. మొదటి కాగితం చూసి ఏడ్చిన ఏడుపు వేరు.

ఇప్పుడు జీడిపప్పు అట్టపెట్టె కోసి సన్నని కిటికీ చేశాం. వాచకం మీద పెడితే ఒక్క వరసే కనిపిస్తుంది. టీచర్‌గారు పలక మీద ఒకే లెక్క వేసి, జవాబులు రెండు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి రాస్తారు. వీడు కళ్లతో చూపిస్తాడు. కూడికలు పట్టుబడుతున్నాయి. తీసివేతలంటే మాత్రం తల పక్కకి తిప్పేస్తున్నాడు.