తమ్ముణ్ణి ఏ సెంటర్లో చేర్చాలి?

మా గోదావరి జిల్లాల్లో ఏ బస్టాండు గోడ చూసినా ఒక కాగితం అతికించి ఉంటుంది: "తాగేవారికి తెలియకుండా తాగుడు మాన్పించబడును". కింద ఫోను నంబరు. ఇంట్లో తాగే మనిషి ఉన్న ఆడవాళ్లు ఆ కాగితాన్ని చూడకుండా దాటి వెళ్లలేరు. మా మరదలు కూడా ఆ నంబరుకు ఫోను చేసి పొట్లాలు తెప్పించుకోబోతుంటే నేను వద్దన్నాను. ఆ పొడిలో ఏముంటుందో అమ్మేవాడు చెప్పడు. తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ అనే మందు లాంటిది ఉంటే, అది ఒంట్లో ఉండగా తాగిన మనిషికి ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి కూడా రావచ్చు. సైకియాట్రిస్టులూ ఆ మందు వాడతారు. అయితే రోగికి అంతా వివరించి, అతను సరేనన్నాక, లివర్ పరీక్షలు చూసుకుని ఇస్తారు. పప్పులో కలిపి పెట్టాల్సిన మందు కాదది.

మా తమ్ముడికి భీమవరం దగ్గర రొయ్యల మేత, చెరువు మందుల దుకాణం ఉంది. మొదట సాయంత్రాలు తాగేవాడు. పోనుపోను, పొద్దున్నే చేతులు వణకకుండా ఉండాలంటే క్వార్టరు పడాల్సిందే అన్న స్థితికి వచ్చాడు. ఇంట్లో అందరం అలసిపోయాక "ఎక్కడైనా చేర్పిద్దాం" అనుకున్నాం. ఎక్కడ అన్నదే పెద్ద ప్రశ్న. ఇప్పుడు తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు నన్ను అదే అడుగుతున్నారు. ఫోనులో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

మొదట చూసింది ఒక నగరం శివార్లలోని డీ-అడిక్షన్ సెంటర్, అంటే తాగుడు మాన్పిస్తామనే చోటు. అద్దెకు తీసుకున్న మూడంతస్తుల ఇల్లు, కిటికీలన్నిటికీ ఇనుప జాలీ. హాల్లో గుండు గీసిన కుర్రాళ్లు నలుగురైదుగురు కింద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. వాళ్లలో ఒకడు నా వైపు చూసి, మేనేజరు గొంతు వినగానే తల దించుకున్నాడు. "మీరు సంతకం పెట్టండి మేడమ్, చాలు. మావాళ్లే రాత్రికి వచ్చి తీసుకెళ్తారు. నెల రోజులు ఫోన్లు, చూడటాలు ఉండవు. వందకు వంద శాతం గ్యారంటీ" అన్నాడు ఆయన. డాక్టరు ఎప్పుడుంటారని అడిగాను. "పిలిస్తే వస్తారు" అన్నాడు. బయటికి వచ్చాక అమ్మ, "నెల రోజులైనా ఇంట్లో గొడవ లేకుండా ఉంటుంది కదే" అంది. అమ్మను తప్పుపట్టను. రాత్రిళ్లు నిద్రపోయి ఎన్నాళ్లయిందో ఆమెకు. కానీ ఇలాంటి చోట్ల డబ్బు తీసుకునేది మన అలసటకే గాని, అతని వైద్యానికి కాదు. అక్కడ చేర్చేది లేదని అమ్మకు గట్టిగా చెప్పాను.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక వ్యాధుల్లోనే చేర్చింది. అందువల్ల ఇలాంటి రోగులను ఉంచుకుని వైద్యం చేసే కేంద్రాలకు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్ట్రేషన్ ఉండాలి. ముందుగా ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. ఉన్నవాళ్లు వెంటనే చూపిస్తారు. బలవంతంగా గుండు గీయడం, గొలుసులతో కట్టడం చట్టం ఒప్పుకోదు. ఇష్టం లేని పని చేయించకూడదు. ఇంటివాళ్లతో ఫోనులో మాట్లాడే హక్కు, వచ్చినవాళ్లను చూసే హక్కు రోగికి ఉన్నాయి. ఇష్టానికి వ్యతిరేకంగా చేర్చడానికి అన్న సంతకమో, భార్య సంతకమో ఒక్కటే సరిపోదు. ఒక సైకియాట్రిస్టు, ఆయనతో పాటు మరో వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా పరీక్షించి, తనకు గాని ఇతరులకు గాని ప్రమాదం ఉందని తేల్చాలి. అదీ మొదట 30 రోజుల వరకే. రాత్రిపూట వ్యాను వేసుకొచ్చి నలుగురు మనిషిని ఎత్తుకుపోవడం వైద్యం ఎలా అవుతుంది?

చివరికి తమ్ముణ్ణి సైకియాట్రిస్టు నడిపే ఒక చిన్న ఆసుపత్రిలో చేర్చాం. పడకలు తక్కువ, గోడలకు రంగు కూడా సరిగా లేదు. అయినా నాకు అక్కడే నమ్మకం కుదిరింది. మేము ఫీజు గురించి అడిగేలోపే ఆ డాక్టరుగారు మమ్మల్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఆఖరుసారి ఎప్పుడు తాగాడు, ఎంత తాగాడు? ఇంతకు ముందు మానేసినప్పుడు ఫిట్స్ వచ్చాయా? నిద్రమాత్రలు వాడతాడా? రక్తపు వాంతులు, కామెర్లు ఎప్పుడైనా అయ్యాయా? అన్నం తింటున్నాడా? అన్నీ రాసుకుని, తమ్ముడి కనురెప్ప కిందికి లాగి చూసి, రెండు చేతులూ ముందుకు చాపమన్నారు. వేళ్లు వణుకుతుంటే వాడు సిగ్గుపడి చేతులు వెనక్కి తీసుకోబోయాడు. ఆయన ఆ చేతుల్ని అలాగే పట్టుకుని, "తాగకపోతే వణుకుతాయి బాబూ, అది జబ్బు లక్షణం. వారంలో తగ్గుతుంది" అన్నారు. అన్నాళ్లలో తమ్ముడితో తిట్టకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆయనే అనుకుంటాను.

ఈ ప్రశ్నలు ఎందుకు అంత ముఖ్యమో చెప్తాను. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, కంగారు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి తప్పుతుంది. లేని మనుషులు కనబడతారు, గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు. సమయానికి వైద్యం అందకపోతే చనిపోయే ప్రమాదం ఉంది. మనవాళ్లు దీన్ని దెయ్యం పట్టిందనో, నటిస్తున్నాడనో అనుకుంటారు. తమ్ముడికి రెండో రాత్రి ఒళ్లంతా చెమటతో తడిసి, మంచం కింద ఎవరో ఉన్నారని అరిచాడు. నర్సు వచ్చి నాడి, బీపీ చూసి డాక్టరుకు ఫోను చేసింది. ఇంజెక్షన్ ఇచ్చాక గంటలో కుదుటపడ్డాడు. ఈ వణుకూ ఫిట్సూ రాకుండా ఇచ్చే మందుల్లో, లివర్ దెబ్బతిని ఉందని వాడికి లోరాజెపామ్ ఎంచుకున్నారు. సెలైన్ కన్నా ముందే బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. అన్నం మానేసి తాగే మనిషికి అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చట. ఇది జరిగిన వేళ రాత్రి రెండు దాటింది. "పిలిస్తే వస్తారు" అన్న చోట ఆ వేళకు ఎవరిని పిలిచేవాళ్లు, ఎవరు వచ్చేవాళ్లు? అందుకే నేను ఎవరికైనా చెప్పేది, రాత్రిపూట వార్డులో అర్హత ఉన్న నర్సు మేలుకుని ఉంటుందా అన్నది మొదట తేల్చుకోమని.

తెలంగాణ నుంచి అడిగేవాళ్లకు ఇంకో మాట. కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రాజోలామ్, డైజెపామ్ అనే మత్తునిచ్చే మందులు కలుపుతారు. అలాంటి కల్లుకు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానితే ఫిట్స్, మతిభ్రమ వస్తాయి. "కల్లే కదా" అని తేలిగ్గా తీసుకోకుండా డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పండి.

డబ్బు లేదని ఆగిపోవద్దు. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలుంటాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు కూడా ఉన్నాయి. దగ్గరలో ఏముందో ఆ శాఖ హెల్ప్‌లైన్ 14446కు ఫోను చేసి అడగవచ్చు. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోను సేవ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆరోగ్య బీమా ఉందన్న ధీమాతో మాత్రం వెళ్లకండి. చాలా పాలసీల్లో మద్యం, మత్తుమందుల అలవాటుకు చేసే చికిత్సను మినహాయిస్తారు. ముందే కాగితాలు చూసుకోండి.

తాగుడు ఆపినప్పుడు వచ్చే ఈ బాధలు తగ్గడానికి వారం, పది రోజులు చాలు. అసలు పని ఆ తర్వాతే. మేము చేర్చిన చోట రోజూ కౌన్సెలింగు ఉండేది, వారానికోసారి మమ్మల్నీ కూర్చోబెట్టేవారు. అక్కడ మరదలు నోరు తెరిచి మాట్లాడింది. ఆయన అప్పులు పుట్టింటి బంగారంతో తీర్చానని, దుకాణానికి రాకపోతే జ్వరమని అబద్ధాలు చెప్పానని ఏడ్చింది. తమ్ముడు తల వంచుకుని అంతా విన్నాడు. "ఇకమీదట నా బదులు అబద్ధం చెప్పకు" అన్నాడు చివరికి. ఇంటివాళ్లను గేటు బయటే ఆపేసే సెంటర్లో ఇది జరగదు.

డిశ్చార్జి రోజే మూడు తేదీలు రాసిచ్చారు: డాక్టరును కలవాల్సినది, కౌన్సెలరును కలవాల్సినది, లివర్ పరీక్షది. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూడే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశం ఊళ్లో ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పారు. చేర్చడానికి ముందే మరదలు డాక్టరుగారిని ఒక ప్రశ్న అడిగింది: "ఇంటికొచ్చాక మళ్లీ తాగితే?" ఆయన గ్యారంటీ మాట ఎత్తలేదు. "చాలామంది మళ్లీ తాగుతారమ్మా. తాగిన రోజే తీసుకురండి. సిగ్గుపడి నెల ఆగితే మళ్లీ మొదటికొస్తుంది" అన్నారు. మీరు చూసే ప్రతి చోటా ఈ ప్రశ్న అడగండి.

సంక్రాంతికి తమ్ముడు తాగాడు. కోడి పందేల దగ్గర స్నేహితులు కలిశారు. కనుమ మర్నాడు తనే నాకు ఫోను చేసి, "అక్కా, డాక్టరు దగ్గరికి వెళ్దాం, నువ్వూ రా" అన్నాడు. డాక్టరుగారు తిట్టలేదు, మళ్లీ ఆసుపత్రిలో చేరక్కర్లేదన్నారు. లివర్ పరీక్ష చేయించి మందు మార్చారు, నెల రోజుల పాటు వారం వారం రమ్మన్నారు. దుకాణం తాళం మరదలి చేతికిచ్చి ప్రతి వారం వెళ్లివచ్చాడు.